గాలి మార్పు

సినిమాల్లో డాక్టరు చెప్పే డైలాగులు మొత్తం కలిపి నాలుగే నాలుగు. "ఇరవై నాలుగ్గంటలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేం" ఒకటి. "మా ప్రయత్నం మేం చేశాం" రెండోది. "ఇక ఆ దేవుడే దిక్కు" మూడోది. నాలుగోది మాత్రం అన్నిటికన్నా అందమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గాలి మార్పు కావాలి. ఎక్కడికైనా మంచి చోటికి తీసుకెళ్ళండి" అంటాడు. వెంటనే కట్! తెర నిండా ఊటీ. పొగమంచు, శాలువా కప్పుకున్న హీరోయిన్, చెట్టు వెనక నుంచి హీరో. పాట అయిపోయేసరికి జబ్బు సగం నయం!

మీలాగే నేనూ ఆ డైలాగు నమ్మినవాణ్ణే. ప్రొద్దుటూరులో నేల టికెట్టు కొనుక్కుని, ఈలలు వేసి మరీ నమ్మాను. ఆ నమ్మకంతోనే పంతొమ్మిదో ఏట ఒక పని చేశాను. నలభై ఏళ్ళు దాటినా ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళకు చెప్పక తప్పని అవసరం వచ్చింది. దానికి కారణం మా మేనల్లుడు.

వాడికి సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు, పులివెందులలో ఉంటుంది. దానికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మెట్లెక్కలేదు, కింద కూర్చుంటే లేవలేదు. ముందు కుడి మోకాలు మార్చాలన్నారు డాక్టర్లు. మావాడికి తల్లంటే ప్రాణం. ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"మామా, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ అని ఒక దీవి ఉంది. ఆపరేషను అక్కడే. తర్వాత రెండు వారాలు సముద్రం ఎదురుగా గది. నర్సు గదికే వస్తుందంట. అది వద్దంటే బాలి. అదీ కాదంటే కేరళ, గోవా. నాలుగు చోట్ల ఫోటోలూ పంపినా. ఏది బాగుందో నువ్వు చెప్పు. అమ్మ నీ మాటే వింటుంది."

ఫోటోలు చూశాను. అబ్బ, ఏం ఫోటోలు! నీలం సముద్రం, వంగిన కొబ్బరిచెట్లు, తెల్లటి దుప్పటి పరిచిన మంచం, పక్కన గ్లాసులో పళ్ళరసం. ఒక్కొక్కటీ ఒక్కో డ్యూయెట్ లొకేషన్! ఎంతసేపు చూసినా ఒక్కటే లోటు కనబడింది. ఆ ఫోటోల్లో ఎక్కడా రోగి లేడు.

వాడు అడిగిన ప్రశ్న నాకు కొత్త కాదు. 1978 ఎండాకాలంలో మా ఇంట్లో ఇదే ప్రశ్న వచ్చింది. వైద్యానికి ఏ ఊరు పోదాం? అప్పుడు జవాబు చెప్పింది నేనే. తప్పు జవాబు చెప్పాను.

* * *

మా నాయన ప్రొద్దుటూరులో పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. కడుపులో పుండు. నాలుగేళ్ళు సోడాపొడి తాగి, మజ్జిగ తాగి, నాటు మందులన్నీ మింగి నెట్టుకొచ్చాడు. ఒకరోజు మిల్లులోనే రక్తం కక్కుకున్నాడు. మా వీధి డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ఇంక కోతే మందు" అని తేల్చేశారు.

మా రాయలసీమవాళ్ళం కారం మెతుకు లేనిదే ముద్ద దిగనివాళ్ళం కాబట్టి ఆ పుండు కారం పాపమే అనుకున్నాం. అందరూ అట్లాగే అనుకునేవారు. 1980లలో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ పుళ్ళలో చాలావాటికి అసలు కారణం కడుపులో చేరే ఒక సూక్ష్మక్రిమి అని తేల్చారు. 2005లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజుల్లో కత్తి పెట్టిన జబ్బుకు ఈరోజు చాలామందికి రెండు వారాల మాత్రలు సరిపోతున్నాయి. మా నాయన ఇరవై ఏళ్ళు తొందరపడి పుట్టాడు, అంతే.

డాక్టరుగారు మూడు దారులు చెప్పారు. ఒకటి వేలూరు. రెండు మద్రాసు. మూడు జమ్మలమడుగు. జమ్మలమడుగు పేరు విని నవ్వకండి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ మిషన్ వాళ్ళు పెట్టిన క్యాంబెల్ ఆస్పత్రి ఆ ఊళ్ళో ఉంది. చుట్టుపక్కల తాలూకాల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. తర్వాతి రోజుల్లో ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు కొత్తగా డాక్టరై వచ్చినప్పుడు పనిచేసింది అక్కడే. ఆ తర్వాత 1973లో పులివెందులలో తండ్రి పేరుతో సొంత ఆస్పత్రి కట్టించారు.

నాయన వెంటనే, "జమ్మలమడుగు పోదాం. ఆడ మా అక్క ఉంది. ఇరవై కిలోమీటర్లు. బస్సెక్కితే దిగడమే" అన్నాడు.

"వద్దు నాయనా. మద్రాసు పోదాం. పెద్ద ఊరు, పెద్ద డాక్టర్లు. వడపళనిలో విజయా హాస్పిటల్ ఉంది. పైగా అది కట్టించింది మన జిల్లా ఆయనే" అన్నాను నేను.

అందులో అబద్ధం లేదు. బి. నాగిరెడ్డిగారిది మా కడప జిల్లా. ఆయన అన్నగారు బి.ఎన్. రెడ్డిగారు పుట్టింది పులివెందుల తాలూకాలో. అన్న "మల్లీశ్వరి" తీశాడు. తమ్ముడు చక్రపాణిగారితో కలిసి "పాతాళభైరవి", "మిస్సమ్మ", "మాయాబజార్", "గుండమ్మకథ" మనకిచ్చాడు. అదే నాగిరెడ్డిగారు 1972లో వడపళనిలో, విజయా వాహినీ స్టూడియో పక్కనే, ఆస్పత్రి పెట్టారు. ఆసియాలోనే పెద్ద స్టూడియో అని చెప్పుకునే రోజులవి.

ఇప్పుడు నిజం చెప్పేస్తాను. నాకు కావలసింది ఆస్పత్రి కాదు. ఆస్పత్రి పక్కనున్న స్టూడియో!

ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. డిగ్రీ కుర్రాడు చెప్పాడంటే నిజమే అయ్యుంటుందని నాయన ఒప్పుకున్నాడు. అమ్మ మారు మాట్లాడకుండా చేతి గాజులు రెండు తీసి ఇచ్చింది. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు కదా, బంగారం అంగళ్ళ ఊరు. అక్కడ గాజులు అమ్మడానికి అరగంట చాలు. ఆ రెండు గాజులూ మళ్ళీ అమ్మ చేతికి రాలేదు.

* * *

అప్పటికి ప్రొద్దుటూరుకు రైలు లేదు. అది వచ్చింది 2016లో. ఎర్రగుంట్ల దాకా బస్సులో పోయి, రాత్రి బండి ఎక్కి, తెల్లవారి మద్రాసు సెంట్రల్‌లో దిగాం. అమ్మ రాలేదు. చెల్లెలు చిన్నపిల్ల, అరవం రాదు, మూడో మనిషికి ఖర్చూ లేదు. నాయనకు తోడు నేనొక్కణ్ణే.

ఆపరేషను చక్కగా జరిగింది. ఆ డాక్టరుగారి చేతికి ఈ రోజుకీ దణ్ణం పెడతాను. పదిరోజుల తర్వాత కుట్లు విప్పి, "ఇంకో వారం ఊళ్ళోనే ఉండండి. ఒకసారి చూసి పంపిస్తాం. బరువెత్తకూడదు, వంగకూడదు" అన్నారు. దగ్గరలోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. పై అంతస్తు, పైన రేకులు, కుళాయి కింద. అద్దె తక్కువ కాబట్టి అదే గతి.

వేడి మాకు కొత్తా అని మీరనవచ్చు. ప్రొద్దుటూరులో మే నెలలో పిట్టలు రాలిపోతాయి. కానీ మా వేడి పొడి వేడి. వేపమాను నీడన తడిగుడ్డ కప్పుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. చెమట ఆరితేనే కదా చల్లదనం! సముద్రం పక్క గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. లెక్కకు మద్రాసు ఎండ మా ఎండకన్నా తక్కువే. కానీ కడుపుకు కట్టు కట్టుకున్న మనిషికి ఆ ఉక్కపోత నరకం. కట్టు కింద తడి, దురద. రాత్రంతా నేను అట్టముక్కతో విసిరేవాణ్ణి. పెద్ద ఊరనీ, సముద్రం గాలనీ నేను పొగిడిన ఊరు అది.

మూడో రోజున కింద టీకొట్టులో ఒకతను పరిచయమయ్యాడు. పులివెందుల వైపు మనిషి, స్టూడియోలో లైట్‌బాయ్. "మనూరోడివా! సాయంత్రం రా, లోపలికి తీసుకుపోతా" అన్నాడు.

ఆ మాట వినడానికే కదా నేను మద్రాసు వచ్చింది!

"నాయనా, మందులు తెస్తా. రెండు వీధులు తిరగాల. కొంచెం ఆలస్యమైతుంది" అని చెప్పి అయిదు గంటలకు బయటపడ్డాను.

గేటు దాటాను. ఏ దేవుడి గుళ్ళోకి పోయినప్పుడూ నా గుండె అట్లా కొట్టుకోలేదు. ఫ్లోర్ లోపల సెట్టు వేశారు. ఏం సెట్టో ఊహించండి. ఆస్పత్రి గది! ఇనప మంచం, సెలైన్ సీసా, కిటికీ బయట గుడ్డమీద గీసిన కొండలు. మంచంమీద కథానాయకుడు. మేకప్ మనిషి వచ్చి ఆయన నుదుటిమీద చెమట చుక్కలు అద్దాడు. నిజంగా పట్టిన చెమట తుడిచేసి మరీ అబద్ధం చెమట అద్దాడు! షాట్‌కూ షాట్‌కూ మధ్య ఆయన లేచి కూర్చుని నవ్వుతూ కాఫీ తాగాడు. నాకు కళ్ళు తిరిగిపోయాయి. ఆ సినిమా పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర.

నాయన లాడ్జి మెట్లమీద కూర్చుని ఉన్నాడు. పక్కన దొర్లిన బిందె. పంచె ముందుభాగం ఎర్రగా తడిసింది. కాపలా ముసలాయన ఒక తువాలు మడిచి నాయన పొట్టమీద అదిమి పట్టుకున్నాడు. సంగతేమంటే, గదిలో నీళ్ళు అయిపోయాయి. దాహానికి ఆగలేక నాయనే బిందె పట్టుకుని కిందికి దిగాడు. నిండు బిందెతో ఎక్కుతూ మెట్టుమీద పడ్డాడు. గాయం ఒక మూల విచ్చుకుంది.

రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోతుంటే నాయన నన్ను ఎక్కడికి పోయావని అడగలేదు. ఒక్కటే మాట అన్నాడు.

"మందులు దొరికినాయా?"

"దొరికినాయి నాయనా" అన్నాను. నా చేతిలో ఏ పొట్లమూ లేదు. చీకట్లో ఆయనకు కనబడి ఉండదనుకున్నాను.

మళ్ళీ కుట్లు. మళ్ళీ జ్వరం. వారం అనుకున్నది ఇరవై రోజులైంది. అమ్మ గాజుల డబ్బు మొత్తం మద్రాసులోనే కరిగిపోయింది.

* * *

తిరుగు ప్రయాణంలో ఎర్రగుంట్లలో దిగాక నాయన నా సలహా అడగలేదు. నేరుగా జమ్మలమడుగు బస్సెక్కాడు.

మా అత్త ఇల్లు ఎట్లుంటుందో చెబుతాను, మీరే బేరీజు వేసుకోండి. మట్టిమిద్దె. వాకిట్లో వేపమాను, దాని కింద నులక మంచం. ఎదురుగా సముద్రం లేదు, గొడ్లపాక ఉంది. కానీ పదినిమిషాలు నడిస్తే మిషన్ ఆస్పత్రి. అక్కడి నర్సమ్మ రోజు మార్చి రోజు కట్టు మార్చేది. కడుపులో కొంతభాగం తీసేసినవాళ్ళు ఒక్కసారి పెద్ద ముద్ద తినకూడదు. కొంచెం కొంచెం, ఆరుసార్లు తినాలి. ఈ సంగతి మద్రాసులో నాకూ చెప్పారు. నేను హోటల్ నుంచి రెండుపూటలా భోజనం పొట్లం తెచ్చేవాణ్ణి. అత్తకు నర్సమ్మ ఒక్కసారే చెప్పింది. ఆ రోజు నుంచి గంజి, మెత్తటి అన్నం, పలచటి మజ్జిగ, కారం వేయని పప్పు, వేళకు వేళ, చిన్న గిన్నెలో. నాయన వద్దంటే, "గమ్మున తిను. నిన్ను సంకనేసుకుని పెంచినదాన్ని నేను, నాకు చెప్తావా" అనేది.

పగలంతా ఎవరో ఒకరు వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. పంటలు, పెళ్ళిళ్ళు, కోర్టు తగాదాలు. రాత్రి నాయన కొంచెం మూలిగితే చాలు, మూడు మంచాల్లో మనుషులు లేచేవారు. నెల తిరిగేసరికి కర్ర పట్టుకుని పెన్నేటి ఇసక దాకా నడిచాడు. రెండు నెలలకు మిల్లుకు పోయాడు. తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికాడు.

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. వైద్యం చేయించుకునే ఊరు వేరు, కోలుకునే ఊరు వేరు. మొదటిది డాక్టరు చేతిని చూసి ఎంచుకోవాలి. రెండోది మంచం పక్కన ఎవరుంటారో చూసి ఎంచుకోవాలి. నేను రెండూ కలిపేసి, ఆ రెంటికీ సంబంధం లేని మూడోదాన్ని చూసి ఎంచుకున్నాను.

* * *

మరి "గాలి మార్పు" అంతా ఉత్తదేనా అని మీరడగవచ్చు. పూర్తిగా ఉత్తది కాదు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో విశ్రాంతి, మంచి తిండి, పొడిగాలి, ఇంతకు మించి డాక్టర్ల చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. అందుకే మా పక్కన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ వాళ్ళు 1910లలో క్షయ శానటోరియం పెట్టారు. ఆ మెట్ట ప్రదేశం గాలి మంచిదని దక్షిణదేశం నలుమూలల నుంచీ రోగులు వచ్చేవాళ్ళు. మన సినిమా డాక్టరు డైలాగు పుట్టింది ఆ కాలంలోనే.

1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, తర్వాత ఇంకొన్ని మందులు వచ్చాయి. అప్పుడు ఒక పెద్ద ప్రశ్న లేచింది. మందులు ఉన్నాక శానటోరియం అవసరమా? దానికి జవాబు కనిపెట్టింది లండన్‌లో కాదు, మన మద్రాసులో! 1956లో అక్కడ క్షయ చికిత్సా కేంద్రం మొదలైంది. కొందరు రోగులను శానటోరియంలో పెట్టి మందులిచ్చారు. మిగిలినవాళ్ళను వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచి అవే మందులిచ్చారు. 1959లో ఫలితాలు బయటికొచ్చాయి. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఇంచుమించు ఒకేలాగా కోలుకున్నారు. మందు సరైనదై, అది వేళకు పడుతుంటే, చోటు మారినంత మాత్రాన పెద్ద తేడా రాలేదన్నమాట. ఆ తర్వాత ప్రపంచమంతా క్షయ వైద్యం ఇంటికి మళ్ళింది.

సినిమాలు మాత్రం మళ్ళలేదు. 1989లో "గీతాంజలి" చూసి మా ప్రొద్దుటూరు కుర్రాళ్ళు ఎంతమంది ఊటీ బస్సుల గురించి వాకబు చేశారో! చావు ముంగిట ఉన్న ఇద్దరు అంత అందంగా ఉండటం ఆ పొగమంచు మహిమే. నాకూ ఆ సినిమా ఇష్టమే. కానీ ఒకటి గమనించండి. ఆ సినిమాలో ఎవరూ ఎవరికీ కట్టు మార్చరు.

నిజజీవితంలో మన తారలూ వైద్యానికి దూరదేశాలు పోయారు. 1974లో అక్కినేని నాగేశ్వరరావుగారు గుండె ఆపరేషనుకు అమెరికా వెళ్ళారు. ఆ రోజుల్లో ఆ చేయి అక్కడుంది, వెళ్ళారు. తిరిగొచ్చి "ప్రేమాభిషేకం" లాంటి సినిమాలు చేసి, 2014 దాకా మన మధ్యనే ఉన్నారు. 1984లో ఎం.జి.ఆర్. గారిని ముందు మద్రాసు అపోలోలో చేర్చి, తర్వాత అమెరికాలోని బ్రూక్లిన్ తీసుకెళ్ళి మూత్రపిండం మార్చారు. వాళ్ళు పోయింది చికిత్స కోసం, సముద్రం కోసం కాదు.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. ఆఫ్రికా నుంచి, అరబ్బు దేశాల నుంచి, బంగ్లాదేశ్ నుంచి రోగులు చెన్నైకే వస్తున్నారు. థాయ్‌లాండ్ ఆస్పత్రులూ మంచివే. 1997లో ఆ దేశం ఆర్థికంగా దెబ్బతిన్నాక అక్కడి పెద్ద ఆస్పత్రులు విదేశీ రోగులను పిలవడం మొదలుపెట్టాయి. చికిత్స బాగా చేస్తారు కాబట్టే జనం పోతున్నారు. మావాడి ఆలోచనలో తప్పు అక్కడ లేదు.

* * *

అందుకే వాడికి జవాబుగా ఫోటో ఎంచి పంపలేదు. ఫోన్ చేసి ప్రశ్నలు వేశాను.

"ఒరే అల్లుడూ, మోకాలు మార్చడం రెండు గంటల పని. కాలు మళ్ళీ మాట వినడానికి మూడు నెలలు. రోజూ వ్యాయామం చేయించాల. నొప్పికి మీ అమ్మ ఏడుస్తుంది, అయినా చేయించాల. రెండు వారాల సముద్రం గది అయిపోయినాక ఆ పని ఎవరు చేయిస్తారు?"

వాడు మాట్లాడలేదు.

"అర్ధరాత్రి కాలు వాచి జ్వరమొస్తే మీ అమ్మ ఏ భాషలో చెప్తుంది? కాలికి ఆపరేషనైన మనిషి గంటలకొద్దీ విమానంలో కదలకుండా కూర్చుంటే సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది, డాక్టరును అడిగినావా? నువ్వు సెలవు దొరుకుతుందంటున్న నెల ఆగస్టు. ఫుకెట్‌లో అది వానాకాలం. నీ ఫోటోలో ఉన్న సముద్రం అప్పుడుండదు. కేరళలో వానాకాలంలో ఆయుర్వేద చికిత్సలకు పేరుంది, నిజమే. కానీ అది వేరే, మోకాలు కోసి మార్చడం వేరే. అన్నిటికన్నా ముందు, ఆ రెండు వారాలూ నువ్వు పక్కనుంటావా?"

"నాలుగు రోజులుండి వచ్చేస్తా మామా. ప్రాజెక్టు ఉంది. అక్కడ నర్సు ఉంటుంది కదా."

నాకు లాడ్జి మెట్లు గుర్తొచ్చాయి. నలభై ఏళ్ళు దాచిన కథ మొత్తం వాడికి చెప్పేశాను. స్టూడియో గేటు, ఆస్పత్రి సెట్టు, దొర్లిన బిందె, లేని మందుల పొట్లం. వాడు ఎంతసేపటికో, "ఈ సంగతి అమ్మకు తెలుసా?" అన్నాడు.

తెలియదన్నాను. ముందు దానికే చెప్పాలనిపించింది. మరుసటి రోజు పులివెందుల పోయాను.

చెల్లెలు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి కాఫీ ఇచ్చింది. తలొంచుకుని కథంతా చెప్పాను. అది నింపాదిగా విని, "ఇదేనా? నాకు ఎప్పుడో తెలుసు అన్నా" అంది.

"ఎట్లా?"

"నాయనే చెప్పినాడు. మరుసటి పొద్దున ఆ లైట్‌బాయ్ నిన్ను వెతుక్కుంటా ఆస్పత్రికి వచ్చినాడంట. నువ్వు టిఫినుకు పోయింటివి. రాత్రి షూటింగ్ బాగా చూసినాడా మీవాడు అని నాయననే అడిగినాడంట. నాయన నాకు చెప్పి, ఒక మాట అన్నాడు."

"ఏమన్నాడు?"

"పిల్లోడు నా పక్కన పదైదు రోజులు కూర్చున్నాడు, ఒక్క సాయంత్రం ఆశపడినాడు. వాడికి మాత్రం చెప్పొద్దు, కుమిలిపోతాడు అన్నాడు."

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. పంతొమ్మిదేళ్ళు ఆయన ఆ సంగతి మనసులో పెట్టుకుని నాతో మామూలుగానే మాట్లాడాడు. పండక్కి నాతో కలిసి సినిమాకు కూడా వచ్చాడు.

చెల్లెలే మాట మార్చింది. "నాకు సముద్రం ఎందుకు నాయనా? ఆపరేషను యాడ మంచిగా చేస్తే ఆడ చేయించండి. చెన్నై అంటే చెన్నై. అయినాక నన్ను నా ఇంటికి తెచ్చి పడెయ్యండి. కింది గదిలో మంచమేసి, కాళ్ళు వేలాడేసి కూర్చునే కక్కసు ఒకటి కట్టించండి, చాలు."

చూశారా, రోగి కోరుకునే లొకేషన్! ఏ కెమెరామనూ ఒప్పుకోడు.

ఆ రాత్రి మావాడికి లెక్క చెప్పాను. "ఆపరేషను చెన్నైలో. పది రోజులు అక్కడే, నేనుంటా. తర్వాత పులివెందుల. వ్యాయామం చేయించే ఆయన ఇంటికే వస్తాడు, మాట్లాడినా. నీ సముద్రం గది డబ్బులు మిగులుతాయి. వాటి బదులు నువ్వు మూడు వారాలు సెలవు పెట్టు. జీతం కోసుకుంటే కోసుకోనీ. ఆ డబ్బుకు అంతకన్నా మంచి గది ఏ దీవిలోనూ దొరకదు."

చాలాసేపు నిశ్శబ్దం. "ప్రాజెక్టు మధ్యలో మూడు వారాలంటే కష్టం మామా" అన్నాడు. ఇంకాసేపటికి, "అడుగుతా" అన్నాడు. వాడు అడిగాడు. రెండు వారాలు ఇచ్చారు. మూడో వారం ఇల్లు కదలకుండా ఫోన్లోనే పనిచేస్తానని ఒప్పించాడు.

ఆగస్టులో మేం ముగ్గురం చెన్నై పోతున్నాం. వడపళని మీదుగానే పోతాం. ఇప్పుడక్కడ నేను దాటిన స్టూడియో గేటు లేదు. ఆ ఆవరణలో 2013లో పెద్ద మాల్ వచ్చింది, పైన సినిమా హాళ్ళున్నాయి. ఆస్పత్రి మాత్రం అట్లాగే ఉంది. నాగిరెడ్డిగారి సెట్లన్నీ పోయి మంచాలు మిగిలాయి.

మీలో చాలామందికి ఇంకా అమ్మానాన్నలు గట్టిగానే తిరుగుతుంటారు. ఎప్పుడో ఒకరోజు ఈ ప్రశ్న మీ ఇంటికీ వస్తుంది. అప్పుడు ఫోటోలు చూడండి, తప్పులేదు. డాక్టరు గురించి నలుగురిని అడగండి. చివరిగా ఒక్కటి మాత్రం మిమ్మల్ని మీరే అడుక్కోండి. రాత్రి నీళ్ళు అయిపోతే బిందె ఎవరు మోస్తారు?

ఈసారి బిందె నేనే మోస్తాను. నాకూ మోకాళ్ళు నొప్పులే. అయినా మోస్తాను.